సెగ క్రిమి ప్లేటు మీద బతికితేనే దాని మొండితనం తెలిసేది

గనేరియా అనండి, పాతవాళ్లన్నట్టు సెగ అనండి. ఆ జబ్బు తెచ్చే నైసీరియా గోనోరియే మీద ఇప్పటిదాకా ఏ మందు వాడినా, కొన్నాళ్లకు దాన్ని తట్టుకోవడం నేర్చేసుకుంది. 1930ల్లో సల్ఫా మందులు వచ్చాయి, 1940ల మధ్యకల్లా పనిచేయడం మానేశాయి. తర్వాత పెన్సిలిన్. మొదట్లో చిన్న మోతాదుకే లొంగిన క్రిమికి పోను పోను మోతాదు పెంచాల్సి వచ్చింది. చివరికి పెన్సిలిన్‌నే విరిచేసే ఎంజైమును ప్లాస్మిడ్ (క్రిమి నుంచి క్రిమికి చేరగల చిన్న డీఎన్ఏ ముక్క) మీద మోసుకుంటూ 1976లో అటు బ్రిటన్‌లో, ఇటు అమెరికాలో బయటపడింది. 1985లో టెట్రాసైక్లిన్‌కూ అదే గతి. సిప్రోఫ్లాక్సాసిన్‌ను అమెరికా 2007లో వదిలేసింది, నోటి మాత్ర సెఫిక్సిమ్‌ను 2012లో మొదటి వరుస నుంచి తప్పించింది. ఇప్పుడు దాదాపు ప్రపంచమంతా సెఫ్ట్రయాక్సోన్ అనే ఒక్క ఇంజెక్షన్‌ను నమ్ముకుని ఉంది.

ఆ ఇంజెక్షన్‌కీ ఎసరు మొదలైంది. 2009లో జపాన్‌లోని క్యోటోలో ఒక మహిళ గొంతు నుంచి తీసిన శాంపిల్‌లో హెచ్041 అనే స్ట్రెయిన్ (ఆ క్రిమిలోనే ఒక రకం) దొరికింది. క్రిమి పెరగకుండా ఆపడానికి కావలసిన కనీస మందు గాఢతను ఎంఐసీ అంటాం. సెఫ్ట్రయాక్సోన్‌కు మామూలుగా లొంగే స్ట్రెయిన్లలో అది లీటరుకు 0.008 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, హెచ్041లో 2 మిల్లీగ్రాములు దాటింది. అదృష్టం కొద్దీ ఆ స్ట్రెయిన్ వ్యాపించలేదు. 2015లో జపాన్‌లోనే కనిపించిన ఎఫ్‌సీ428 మాత్రం అక్కడ ఆగలేదు, రెండేళ్లు తిరిగేసరికి డెన్మార్క్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్‌లలో దాని వంశం బయటపడింది. 2018లో బ్రిటన్‌లో సెఫ్ట్రయాక్సోన్‌కు, అజిత్రోమైసిన్‌కు రెండింటికీ లొంగని కేసు వచ్చింది. డబ్ల్యూహెచ్‌ఓ నడిపే ఈగాస్ప్ నిఘాలో (క్రిమి ఏ మందుకు లొంగడం మానేస్తోందో కనిపెట్టే పథకం) 2022 నుంచి 2024 మధ్య సెఫ్ట్రయాక్సోన్ రెసిస్టెన్స్ (ఆ మందుకు లొంగని స్ట్రెయిన్ల వాటా) 0.8 శాతం నుంచి 5 శాతానికి, సెఫిక్సిమ్‌ది 1.7 నుంచి 11 శాతానికి పెరిగింది. సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి సరే సరి, 95 శాతం.

ఇలాంటి అంకెలు పేపర్లో చదివినప్పుడు అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ అడగరు. బతికున్న బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచి, మందు ఎదుట పెట్టి చూస్తేనే ఆ శాతం వస్తుంది. పెరగని క్రిమి లెక్కలోకే రాదు. అందుకే ఈ నిఘాలో తప్పులు ఎక్కువగా జరిగేది మందు పరీక్ష దగ్గర కాదు, దానికి ముందే.

జబ్బు ఉందా లేదా తేల్చడానికి న్యాట్, అంటే పీసీఆర్ తరహా పరీక్ష చాలు. గొంతు, మలద్వారం శాంపిళ్లకైతే కల్చర్ (ప్లేటు మీద పెంచడం) కన్నా అదే మేలు. కానీ న్యాట్ ట్యూబులోని ద్రవం క్రిమిని చంపేసి డీఎన్ఏను మాత్రం మిగులుస్తుంది. డబ్బున్న దేశాల క్లినిక్‌లన్నీ న్యాట్‌కు మారాక కల్చర్ చేసే అలవాటే తగ్గిపోయింది. రోగనిర్ధారణ బాగుపడి నిఘా దెబ్బతింది. మన దగ్గర కథ వేరు. మూత్రనాళం నుంచి స్రావం అని మగవాడు వస్తే ప్రభుత్వ ఎస్‌టీఐ (లైంగికంగా సోకే జబ్బుల) క్లినిక్‌లో లక్షణాలను బట్టి బూడిద రంగు కిట్ ఇస్తారు: సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, అజిత్రోమైసిన్ 1 గ్రాము, ఒకే డోసు. రోగికి అదే పూట వైద్యం అందుతుంది, మళ్లీ రమ్మంటే రానివాళ్లే ఎక్కువ కాబట్టి ఆ పద్ధతిలో తప్పేం లేదు. కాకపోతే స్వాబ్ (పుల్ల చివరి మెత్తతో తీసే శాంపిల్) తీయలేదు గనక అతనిలో ఉన్న క్రిమి దేనికి లొంగుతుందో, దేనికి లొంగదో ఎక్కడా నమోదు కాదు. దానికి తోడు చాలామంది క్లినిక్‌కు రాకముందే మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ కొనుక్కుని మింగేసి ఉంటారు. వాళ్ల స్వాబ్‌లో క్రిమి పెరగకపోవచ్చు, పెరిగితే ఆ మందును తట్టుకున్నదే పెరగవచ్చు. గత రెండు వారాల్లో ఏ యాంటీబయాటిక్ వేసుకున్నారో ఫారంలో రాయని శాంపిల్ మీద నమ్మకం సగానికి తగ్గించుకోవాలి.

అందుకే నిఘా కోసం స్రావం ఉన్న మగవాళ్లనే ఎంచుకుంటారు. వాళ్లలో క్రిమి దండిగా ఉంటుంది, పెరిగే అవకాశం ఎక్కువ. అమెరికా 1986లో మొదలుపెట్టిన జిస్ప్ నిఘా పథకంలో ఒక్కో క్లినిక్ ప్రతి నెలా వచ్చిన మొదటి 25 మంది మగవాళ్ల మూత్రనాళం శాంపిళ్లను పంపుతుంది. 'మొదటి' అన్న మాటే ఇక్కడ ముఖ్యం. డాక్టరుకు అనుమానం వచ్చిన కేసులో, మందు పనిచేయక తిరిగొచ్చినవాళ్లో మాత్రమే ల్యాబ్‌కు చేరితే రెసిస్టెన్స్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. వరుసగా వచ్చినవాళ్లను వచ్చినట్టు తీసుకోవాలి, ఒకే మనిషి ఒకే జబ్బుతో రెండుసార్లు ల్యాబ్‌కెక్కితే ఒక్కసారే లెక్కపెట్టాలి.

ఇక శాంపిల్. చివరిసారి మూత్రానికి వెళ్లి కనీసం గంట, వీలైతే రెండు గంటలు గడిచి ఉండాలి. స్రావం బయటికే కారుతుంటే దాన్నే తీసుకోవచ్చు, లేకపోతే సన్నని స్వాబ్‌ను మూత్రనాళంలోకి 2 నుంచి 3 సెంటీమీటర్లు పోనిచ్చి మెల్లగా తిప్పి తీయాలి. ఆడవాళ్లలో యోని స్వాబ్ పనికిరాదు, గర్భాశయ ముఖద్వారం లోపలికి 1 నుంచి 2 సెంటీమీటర్లు పెట్టి తిప్పాలి. లోపల చూడటానికి పెట్టే స్పెక్యులమ్‌కు జెల్లీ రాయకండి, గోరువెచ్చని నీళ్లతో తడిపితే చాలు. జెల్లీల్లో ఉండే క్రిమినాశకాలకు ఈ బ్యాక్టీరియా బతకదు. స్వాబ్ డేక్రాన్‌దో రేయాన్‌దో కావాలి. మామూలు దూది స్వాబ్‌లో ఉండే కొవ్వు ఆమ్లాలు దీనికి విషం, కొన్ని చెక్కపుల్లలూ అంతే. కొనేటప్పుడు అయిదారు రూపాయలు ఆదా చేసి, తర్వాత క్రిమి పెరగలేదని ప్లేటులోని పెంపక పదార్థాన్ని తిట్టుకునే ల్యాబ్‌లు లేకపోలేదు.

అదే స్వాబ్‌తో ముందు ప్లేటు, ఆ తర్వాతే స్లైడు. స్లైడుకు రంగు వేసే గ్రామ్ స్టెయిన్‌లో చీము కణాల లోపల గులాబీ రంగులో జంటలు జంటలుగా కనిపిస్తే, లక్షణాలున్న మగవాడిలో అది దాదాపు నిర్ధారణే. ఆడవాళ్లలో సగానికి సగం కేసులు స్లైడులో దొరకవు.

అన్నిటికన్నా మేలైన పద్ధతి రోగి పక్కనే స్వాబ్‌ను ప్లేటు మీద రుద్దేయడం. ప్లేటు ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చాకే వాడాలి. చల్లటి అగార్ (ప్లేటులో పోసి గడ్డకట్టించిన పెంపక పదార్థం) తగిలితే ఈ క్రిమి అక్కడికక్కడే చస్తుంది. దూరం పంపాలంటే బొగ్గు కలిపిన ఏమీస్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం (దారిలో క్రిమిని బతికించే పదార్థం) వాడాలి, 24 గంటల్లోపు చేరాలి, ఎంత తొందరగా చేరితే అంత మంచిది. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. శాంపిల్ అనగానే ఐస్ బాక్స్‌లో పెట్టేస్తారు. రక్తానికి, వైరస్ శాంపిళ్లకు అది సరైనదే, సెగ క్రిమికి మాత్రం ప్రాణాంతకం. అలాగని రామగుండం మే నెల ఎండలో బస్సు డిక్కీలో వేసి పంపినా అది మిగలదు. 20 నుంచి 25 డిగ్రీల మధ్య, నీడలో, ఐస్ తగలకుండా తీసుకెళ్లాలి. పెట్టె మీద 'ఫ్రిజ్‌లో పెట్టవద్దు' అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించడం ఏ ఖరీదైన మీడియం కన్నా ఎక్కువ క్రిములను కాపాడుతుంది.

ప్లేటు సంగతికొస్తే మాడిఫైడ్ థాయర్-మార్టిన్ అగార్ వాడతారు. వేడి చేసిన రక్తంతో చాక్లెట్ రంగుకు వచ్చే చాక్లెట్ అగార్‌లో వాంకోమైసిన్, కొలిస్టిన్, నిస్టాటిన్, ట్రైమెథోప్రిమ్ కలిపితే పక్కన పెరిగే మిగతా క్రిములు, ఈస్ట్ అణిగిపోతాయి. కొన్ని సెగ స్ట్రెయిన్లు వాంకోమైసిన్‌కే చచ్చిపోతాయి కాబట్టి, మూత్రనాళం, గర్భాశయ ముఖద్వారం శాంపిళ్లకు మందులు కలపని చాక్లెట్ ప్లేటు ఒకటి తోడుగా పెట్టడం మంచిది. 35 నుంచి 36.5 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, తేమ కావాలి. ఇంక్యుబేటర్ లేకపోతే మూత బిగుతుగా పట్టే జాడీలో తెల్ల కొవ్వొత్తి వెలిగించి మూసేస్తే 3 శాతం దాకా వస్తుంది, అదీ సరిపోతుంది. అడుగున తడి దూది ఉంచండి. రంగు కొవ్వొత్తులు, అగరొత్తి వాసన వేసేవి వాడకండి, వాటి పొగ క్రిమికి పడదు. 24, 48, 72 గంటలకు చూడాలి. మొదటి రోజు ఏమీ రాలేదని పారేస్తే నెమ్మదిగా పెరిగే స్ట్రెయిన్లు పోతాయి, అవే మొండివి కూడా కావచ్చు.

చిన్న బూడిద రంగు కాలనీలు (క్రిముల గుంపులు) వచ్చాక ఆక్సిడేజ్ అనే ఎంజైము పరీక్ష. రసాయనాన్ని ప్లేటు మీద పోయకుండా ఫిల్టర్ పేపర్ మీదే చేయండి, ఎందుకంటే అది తగిలిన కాలనీ కాసేపట్లో చచ్చిపోతుంది. నైక్రోమ్ లూప్‌తో తీస్తే లేని పాజిటివ్ కనిపిస్తుంది, ప్లాటినమ్‌దో ప్లాస్టిక్‌దో వాడాలి. చక్కెరల పరీక్షలో గ్లూకోజ్‌ను మాత్రమే వాడుకుంటే సెగ క్రిమి, మాల్టోజ్‌నూ వాడుకుంటే మెనింజైటిస్ తెచ్చే దాని దాయాది. గొంతు శాంపిళ్లలో ఈ దాయాదులు, వాళ్ల బంధువులు పుష్కలంగా ఉంటారు కాబట్టి అక్కడ ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు. ప్రొటీన్లను బట్టి క్రిమిని గుర్తించే మాల్డీ-టాఫ్ యంత్రం ఉన్నచోట పని సులువు. నైట్రోసెఫిన్ డిస్క్ పసుపు నుంచి ఎరుపుకు మారితే పెన్సిలిన్‌ను విరిచే ఎంజైమ్ ఉన్నట్టు.

మందు పరీక్షకు వెళ్లేముందు ఒకసారి సబ్‌కల్చర్ చేసి (కొత్త ప్లేటు మీదికి మార్చి), మరుసటి రోజు తాజా కాలనీలనే తీసుకోవాలి. ఈ క్రిమికి తనను తానే కరిగించుకునే గుణం ఉంది. రెండు రోజుల ప్లేటు నుంచి తీస్తే కంటికి 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రవంలో క్రిములెన్నో అంచనా వేసే కొలత) మసకదనం కనిపించినా అందులో బతికున్నవి తక్కువ. ఎంఐసీ తగ్గిపోయి, లొంగని స్ట్రెయిన్ లొంగినట్టు నటిస్తుంది. కలిపిన ద్రవాన్ని 15 నిమిషాల్లో వాడేయాలి. మీడియం జీసీ అగార్ బేస్, ఒక శాతం గ్రోత్ సప్లిమెంట్‌తో. 20 నుంచి 24 గంటలకు చదవాలి. కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువైతే అగార్ పులిసి అజిత్రోమైసిన్ బలం తగ్గుతుంది, ఎంఐసీ ఉన్నదానికన్నా పైకి కనిపిస్తుంది. అజిత్రోమైసిన్ రెసిస్టెన్స్ ఉన్నట్టుండి పెరిగిందని ఒక ల్యాబ్ చెబితే ముందు దాని ఇంక్యుబేటర్ మీటర్ చూడమంటాం.

ప్రామాణిక పద్ధతి అగార్ డైల్యూషన్. మందును రెట్టింపు రెట్టింపుగా కలిపిన ప్లేట్ల వరుస మీద ఒక్కో చుక్కలో పదివేల క్రిములు పడేలా పెట్టడం. నెలకు వంద స్ట్రెయిన్లు చూసే కేంద్రానికి అదే చవక, పది చూసేచోట గ్రేడియెంట్ స్ట్రిప్ (పొడవునా మందు గాఢత మారే పట్టీ), అంటే ఈటెస్ట్ లాంటిది నయం. స్ట్రిప్పులు మైనస్ 20లో ఉంచి, ప్యాకెట్ విప్పకుండా గది వేడికి రానివ్వాలి. చల్లగా ఉండగా విప్పితే తేమ పట్టి మందు పాడవుతుంది. స్ట్రిప్ మీద మధ్య అంకెలు వస్తే పై మెట్టుకు చేర్చి రాయాలి. ఇది మామూలు గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, 0.094 అని చదివిన సెఫ్ట్రయాక్సోన్ ఎంఐసీ 0.125 అవుతుంది, 0.125 అంటే జిస్ప్ లాంటి నిఘాలు గంట కొట్టే హద్దు. సెఫిక్సిమ్‌కు ఆ హద్దు 0.25, అజిత్రోమైసిన్‌కు 2. మందు బిళ్ల చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని కొలిచే డిస్క్ పద్ధతి సిప్రోఫ్లాక్సాసిన్, పెన్సిలిన్ లాంటి వాటికి పరవాలేదు, సెఫ్ట్రయాక్సోన్‌లో మెల్లగా పైకి జరిగే మార్పును అది పట్టుకోలేదు.

ఇక్కడే చాలా రిపోర్టుల్లో గందరగోళం మొదలవుతుంది. యూరప్ ప్రమాణం యూకాస్ట్ ప్రకారం సెఫ్ట్రయాక్సోన్ ఎంఐసీ 0.125 దాటితే రెసిస్టెంట్. అమెరికా ప్రమాణం సీఎల్‌ఎస్‌ఐ ప్రకారం 0.25 దాకా లొంగినట్టే, పైగా రెసిస్టెంట్ అన్న వర్గమే లేదు. అంటే సరిగ్గా 0.25 ఉన్న ఒకే స్ట్రెయిన్ ఒక దేశం పట్టికలో రెసిస్టెంట్, ఇంకో దేశంలో ససెప్టిబుల్, అంటే లొంగేది. ఏ ప్రమాణం వాడారో చెప్పకుండా రెండు రాష్ట్రాల శాతాలను పోల్చడం దండగ. మా అభిప్రాయంలో ఎస్ (ససెప్టిబుల్), ఆర్ (రెసిస్టెంట్) అక్షరాలు మాత్రమే రాసే ల్యాబ్ నిఘాకు అక్కరకు రాదు. అసలు ఎంఐసీ అంకె రాయాలి. ఏటేటా ఆ అంకెలు 0.008 నుంచి 0.03కి, అక్కడి నుంచి 0.06కి జరుగుతూ ఉంటే, ఒక్క స్ట్రెయిన్ కూడా హద్దు దాటకముందే ప్రమాదం కనిపిస్తుంది. సెఫిక్సిమ్‌ను తప్పించేటప్పుడు అమెరికా చూసింది ఇలాంటి కదలికనే.

పరీక్ష సరిగ్గా ఉందో లేదో చూడటానికి, ఎంఐసీ ముందే తెలిసిన కంట్రోల్ స్ట్రెయిన్ ఏటీసీసీ 49226ను పరీక్ష చేసిన ప్రతి రోజూ పెట్టాలి. సెఫ్ట్రయాక్సోన్‌కు దాని ఎంఐసీ 0.004 నుంచి 0.016 మధ్య, సిప్రోఫ్లాక్సాసిన్‌కు 0.001 నుంచి 0.008 మధ్య రావాలి. ఇది సెఫ్ట్రయాక్సోన్‌కు సులువుగా లొంగే స్ట్రెయిన్, కాబట్టి కింది మెట్ల మీద మాత్రమే పరీక్షను తూచి చూపిస్తుంది. పై మెట్ల మీద ల్యాబ్ చదివే అంకె సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే డబ్ల్యూహెచ్‌ఓ రిఫరెన్స్ స్ట్రెయిన్లు కావాలి. వాటిలో ఎక్స్ అని పేరు పెట్టింది క్యోటోలో దొరికిన హెచ్041నే. మొండి స్ట్రెయిన్‌ను ఎప్పుడూ చూడని ల్యాబ్‌కు అది ఎదురైతే, పరీక్ష చెడిపోయిందనుకుని పారేసే ప్రమాదం ఉంది.

శాతాల గురించి ఒక మాట. ఏదైనా మందుకు రెసిస్టెన్స్ 5 శాతం చేరితే దాన్ని మొదటి వరుస నుంచి తీసేయమని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంది. వంద స్ట్రెయిన్లు చూస్తే అయిదు రెసిస్టెంట్ వచ్చాయనుకోండి. 95 శాతం నమ్మకంతో లెక్కిస్తే అసలు శాతం 1.6 నుంచి 11.3 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. వందలో ఒక్కటీ రాకపోయినా, అసలు రెసిస్టెన్స్ 3 శాతం దాకా ఉండే అవకాశం కొట్టిపారేయలేం. ఏడాదికి ముప్పై స్ట్రెయిన్లు పెంచే కేంద్రం 'మా దగ్గర సున్నా శాతం' అని రాస్తే ఆ సున్నాకు విలువ లేదు. ఆ స్ట్రెయిన్లను జాతీయ లెక్కలో కలిపితేనే ఏదైనా అర్థం వస్తుంది. మన దేశంలో ఈ పనికి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో అపెక్స్ (దేశస్థాయి) కేంద్రం ఉంది, ప్రాంతీయ ఎస్‌టీఐ కేంద్రాల్లో హైదరాబాద్ ఉస్మానియా మెడికల్ కాలేజీది ఒకటి. అక్కడికి పంపే దాకా స్ట్రెయిన్‌ను ట్రిప్టిక్ సోయ్ బ్రాత్‌లో 20 శాతం గ్లిజరాల్ కలిపి మైనస్ 70లో దాచాలి. మైనస్ 20 ఫ్రీజర్‌లో పెడితే కొన్ని వారాలకు అందులో మిగిలేది ఖాళీ గొట్టమే అనుకోండి.

మందు ఇచ్చినా జబ్బు తగ్గలేదని రోగి వస్తే తేల్చాల్సిన మొదటి ప్రశ్న రెసిస్టెన్స్ కాదు, మళ్లీ అంటుకుందా అన్నది. భాగస్వామికి వైద్యం జరగకపోతే ఎక్కువసార్లు జరిగేది అదే. ఈ మధ్యలో కలవలేదని చెబితేనే వైద్యం విఫలమైందని అనుమానించాలి. మందు వేసి 72 గంటలు దాటాక కల్చర్ చేయాలి. న్యాట్ అయితే రెండు వారాలైనా ఆగాలి, చచ్చిన క్రిమి డీఎన్ఏ అప్పటిదాకా పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. వైద్యానికి ముందు తీసిన స్ట్రెయిన్, తర్వాత తీసిన స్ట్రెయిన్ రెండూ ఉంటే జన్యువులు పోల్చి అదేనా, కొత్తదా అని చెప్పొచ్చు. మొదటిది దాచకపోతే ఆ ప్రశ్నకు జవాబు రాదు. గొంతును మరవకండి. సెఫ్ట్రయాక్సోన్ అక్కడ మిగతా చోట్లంత బాగా పనిచేయదు. పైగా గొంతులో మామూలుగా ఉండే ఇతర నైసీరియాల నుంచి ముక్కలు తెచ్చుకునే సెగ క్రిమి తన పెన్ఏ జన్యువును (సెఫ్ట్రయాక్సోన్ గురిపెట్టే ప్రొటీన్‌ను తయారుచేసేది) మొజాయిక్‌గా, అంటే అతుకుల బొంతలా మార్చుకుంటుంది. హెచ్041, ఎఫ్‌సీ428 రెండింటి బలమూ ఆ జన్యువులోదే.

కల్చర్ లేనిచోట జన్యు పరీక్ష కొంత ఆదుకుంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ గురిపెట్టే గైర్ఏ జన్యువులో 91వ స్థానం మారిందో లేదో న్యాట్ శాంపిల్‌లోనే చూసి సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేస్తుందా అన్నది బాగానే ఊహించవచ్చు. అజిత్రోమైసిన్ గురిపెట్టే 23ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువుకు ఈ క్రిమిలో నాలుగు ప్రతులుంటాయి, నాలుగింటిలోనూ 2059వ స్థానం మారితే అజిత్రోమైసిన్ ఎంఐసీ 256 దాటుతుంది, ఒక్క ప్రతిలోనే మారితే అంత కనిపించదు. సెఫ్ట్రయాక్సోన్‌తో ఇంత సులువు కాదు. పెన్ఏతో పాటు మందును బయటికి తోసే పంపు, లోపలికి రానిచ్చే రంధ్రం అన్నీ కలిసి ఎంఐసీని నిర్ణయిస్తాయి. ఎఫ్‌సీ428 వంశాన్ని పట్టే పెన్ఏ-60 పీసీఆర్ ఆ ఒక్క వంశాన్నే పడుతుంది, రేపు ఇంకో దారిలో వచ్చేదాన్ని పట్టదు. కాబట్టి పీసీఆర్‌లో పెన్ఏ-60 పాజిటివ్ వచ్చిన రోజే రోగికి ఫోన్ చేసి పిలిపించాలి. రెండో మందు ఇవ్వకముందే గొంతు నుంచి, మూత్రనాళం నుంచి స్వాబ్ తీసి, గది వేడికి వచ్చిన ప్లేట్ల మీద అక్కడికక్కడే రాయాలి.